ఆరని పసుపు దీపం

కారు నడిపేవారి ఎదుట పలకపై వెలిగే దీపాలలో ఎర్రనివి ఆజ్ఞల వంటివి. చమురు పీడనం తగ్గినదనో, ఇంజన్ కాగిపోతున్నదనో చెప్పి బండిని అక్కడికక్కడే ఆపిస్తాయి. పసుపు దీపాలకు అంత తొందర లేదు. వాటిలో ఇంజన్ బొమ్మతో వెలిగే దీపాన్ని అందరూ 'చెక్ ఇంజన్' అంటారు. బండి మామూలుగానే పరుగెత్తుతుంటుంది కనుక మొదటి వారం భయపడి, రెండవ వారం విసుగుపడి, మూడవ వారానికి దానిని మరచిపోవడం మన లోకరీతి. రాజధాని ప్రాంతంలోని సహోద్యోగుల నుంచి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలలో ఈ దీపానికి సంబంధించినవే ఇప్పుడు ఎక్కువ. వారి కార్లలో అధికభాగం పదేళ్ళు దాటినవి కావడమే కారణమని మా అభిప్రాయం.

పాత కారు ఢిల్లీలో కేవలం యంత్రం కాదు, ఒక వ్యాజ్యం కూడా. పదిహేనేళ్ళు దాటిన వాహనాలు ఢిల్లీలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో ఆదేశించింది. 2015 ఏప్రిల్‌లో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లను కూడా నిషేధించింది. 2018 అక్టోబరులో సుప్రీం కోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. 2025 జులై 1న ఇటువంటి బండ్లకు బంకులలో ఇంధనం నిరాకరించడం మొదలుపెట్టి, కొద్ది రోజులకే నిలిపివేశారు. అదే ఏడాది ఆగస్టులో యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్న సుప్రీం కోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్.–4, అంతకు పైబడిన ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. అంటే వయస్సు లెక్క వెనుకకు పోయి, ప్రమాణం లెక్క ముందుకు వచ్చింది. బండి తన ప్రమాణాన్ని నేటికీ పాటిస్తున్నదా అన్న ప్రశ్నకు బండి లోపలి నుంచి జవాబు చెప్పగలిగేది ఈ పసుపు దీపం ఒక్కటే.

దీని పుట్టుక అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఉన్నది. ఆ నగరాన్ని కమ్మి కళ్ళు మండించిన పొగమంచుకు మోటారు వాహనాల వాయువులు ఎండతో కలిసి జరిపే రసాయన చర్య కారణమని 1950 దశకపు తొలినాళ్ళలో హాగెన్–స్మిట్ అనే శాస్త్రవేత్త నిరూపించారు. అక్కడి నుంచి నియమాలు, నియమాల నుంచి కెటలిటిక్ కన్వర్టరు, దానిని కనిపెట్టుకొని ఉండడానికి కారులోనే ఒక కావలి వచ్చాయి. 1996 నాటికి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఆ కావలి రెండవ తరం రూపం తప్పనిసరి అయినది. దానినే ఓ.బి.డి.–2 అంటారు. మనకు 1995లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు వచ్చింది. అయితే ఢిల్లీలో సీసం కలిసిన పెట్రోలు అమ్మకం 1998 సెప్టెంబరు దాకా పూర్తిగా ఆగలేదు. సీసం కన్వర్టరుకు విషం. బి.ఎస్.–4 ప్రమాణం రాజధాని ప్రాంతంలోనూ, హైదరాబాదుతో సహా 13 నగరాలలోనూ 2010 ఏప్రిల్‌లో అమలుకు వచ్చింది.

ఇక్కడ పాఠకులు ఒక తేడా గమనించవలసి ఉన్నది. 2010 నుంచి వచ్చిన కార్లలోని మొదటి తరం కావలి ముఖ్యంగా తీగలు తెగినాయా, సెన్సారులు పలుకుతున్నాయా అని మాత్రమే చూస్తుంది. కన్వర్టరు నిజంగా పని చేస్తున్నదా, ఏ సిలిండరులోనైనా ఇంధనం మండకుండా పోతున్నదా అని పరిశీలించే రెండవ తరం మనకు 2013 ఏప్రిల్‌లో తప్పనిసరి అయినది. కనుక 2011 నాటి కారులో దీపం ఆరి ఉన్నంత మాత్రాన కన్వర్టరు ఆరోగ్యంగా ఉన్నదని అర్థం కాదు. 2013 తరువాతి కారు ఇంకొంచెం నిజం చెబుతుంది.

మా కార్యాలయంలోనే పనిచేస్తూ త్వరలో పదవీ విరమణ చేయనున్న ఒక సహోద్యోగిది 2013 వేసవిలో కొన్న పెట్రోలు కారు. వారు విశాఖ వాసులు. విరమణానంతరం కారును విశాఖపట్నం తీసుకుపోయి తమ్ముడికి ఇవ్వాలని వారి సంకల్పం. మూడు నెలలుగా పసుపు దీపం వెలుగుతున్నది. నోయిడాలో వారి ఇంటికి సమీపాన ఉన్న ఒక మిస్త్రీ నాలుగుసార్లు కంప్యూటరు తగిలించి దీపాన్ని తుడిచివేశాడు. నాలుగుసార్లూ అది మరల వెలిగింది. ఐదవసారి ఆ మిస్త్రీ "కన్వర్టరు పోయింది సాబ్, కొత్తది వేద్దాం" అని ధర చెప్పగా, వారు మా బల్ల దగ్గరకు వచ్చి, "ఏమండీ, ఇంత సొమ్ము ఈ పాత బండికి పెట్టమంటారా?" అని అడిగారు. సొమ్ము మాట తరువాత, ముందు దీపం ఏమంటున్నదో విందామన్నాము.

తాళం తిప్పి ఇంజన్ వెలిగించకముందే ఈ దీపం వెలగాలి. ఇంజన్ నడక అందుకోగానే ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే దీపాన్ని ఎవరో తొలగించారన్నమాట. పాత కారు కొనేవారు చక్రాలను కాలితో తన్ని చూడడం మాని, ఈ రెండు క్షణాల పరీక్ష చేసుకోవడం మేలు. తరువాత, దీపం నిలకడగా వెలుగుతున్నదా, మిణుకు మిణుకుమంటున్నదా? నిలకడగా ఉంటే తీరిక చూసుకొని పరీక్షించుకోవచ్చు. మిణుకుమంటే మండని పెట్రోలు కన్వర్టరులోకి పోతున్నదని అర్థం. అప్పుడు వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండిని ఆపివేయాలి.

స్టీరింగు క్రింద, మోకాళ్ళ ఎత్తున పదహారు రంధ్రాల సాకెట్టు ఉంటుంది. అందులో గుచ్చి, చేతిలోని ఫోనులో చదువుకొనే చిన్న పరికరం వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరుకుతుంది. ఆ కారులో రెండు సంకేతాలు కనిపించాయి: పి 0171, పి 0420. మొదటిది మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదని చెబుతుంది. రెండవది కన్వర్టరు సామర్థ్యం ఉండవలసిన దానికంటె తగ్గినదని చెబుతుంది. మిస్త్రీ రెండవదానిని చదివి కన్వర్టరు మార్చుదామన్నాడు. ఆ పద్ధతి తప్పని మేము ఈ శీర్షికలో పదే పదే చెబుతూ వచ్చాము. సంకేతం రోగలక్షణం పేరు చెబుతుందే గాని, చెడిన భాగం పేరు చెప్పదు. జ్వరమని ఉష్ణమాపకం చూపితే అది మలేరియానో, టైఫాయిడో రక్తపరీక్ష వల్ల తేలాలి. కాశ్మీరీ గేటు బజారులో దొరకని విడిభాగం లేదు. కాని, ఏ భాగం కొనాలో అక్కడ ఎవరూ చెప్పరు.

నాలుగుసార్లు తుడిచినందువల్ల మరొక నష్టం కూడా జరిగింది. సంకేతం పుట్టిన క్షణాన ఇంజన్ వేడి ఎంత, వేగమెంత, ఇంధనం ఎంత పోస్తున్నది మొదలైన వివరాలను కారు ఒక ఛాయాచిత్రం వలె దాచుకుంటుంది. దీనిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. తుడిచినప్పుడల్లా ఆ చిత్రం కూడా పోతుంది. బ్యాటరీ తీగ విప్పి కలిపినా అంతే. కనుక మొట్టమొదట చేయవలసినది తుడవడం కాదు, కాగితంపై వ్రాసుకోవడం. మా అదృష్టం కొద్దీ ఐదవసారి వెలిగిన దీపాన్ని ఎవరూ తుడవలేదు. చిత్రంలో బండి వేగం సున్నా, ఇంజన్ వేడి మామూలు, ఇంధన సవరణ మాత్రం 20 శాతం దాటి ఉన్నది. అంటే బండి కూడలిలో ఆగి ఉండగా దోషం పట్టుబడినది.

ఇంధన సవరణ అంటే ఏమో రెండు మాటలు చెప్పాలి. పెట్రోలు ఒక పాలు మండడానికి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు గాలి మిగిలినదో, పెట్రోలు మిగిలినదో క్షణక్షణం చెబుతుంటే, కంప్యూటరు ఆ మేరకు పెట్రోలు హెచ్చించి తగ్గించుకుంటుంది. హెచ్చింపు ఐదారు శాతం లోపల ఉంటే చింత లేదు. అది సుమారు 20–25 శాతం దాటితే కంప్యూటరు చేతులెత్తి దీపం వెలిగిస్తుంది.

మిస్త్రీకి మరొక వాదన కూడా ఉన్నది: "ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లనే సాబ్." ఈ మాట ఇటీవల ప్రతి గారేజీలోనూ వినిపిస్తున్నది. దీనిని కొట్టిపారవేయరాదు, పరీక్షించాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నది కనుక దానికి గాలి తక్కువ చాలు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు సుమారు 14.1 పాళ్ళు, 20 శాతం ఉన్నదానికి సుమారు 13.5 పాళ్ళు గాలి కావాలి. ఈ మార్పుకు కంప్యూటరు పెట్రోలు నాలుగు శాతం మేరకు హెచ్చించవలసి వస్తుంది. అంతేకాదు, దోషం ఇంధనానిదే అయితే బండి ఆగి ఉన్నా, పరుగెత్తుతున్నా హెచ్చింపు ఒకే తీరుగా ఉండాలి. మేము ఇంజన్‌ను ఊరక నిలిపి చూస్తే సవరణ 22. యాక్సిలరేటరు తొక్కి నిమిషానికి 2500 చుట్లు తిప్పితే 6కు దిగింది. ఈ ఒక్క పరీక్ష సగం అనుమానాలను తొలగించింది. పెట్రోలు పంపు బలహీనమైనదైతే చుట్లు పెరిగినకొద్దీ లోటు పెరగాలి. ఇక్కడ తగ్గుతున్నది. లెక్కకు రాని గాలి ఏదో సందు గుండా లోపలికి దొంగతనంగా పోతున్నది. ఇంజన్ మెల్లగా తిరుగుతూ కొద్ది గాలినే పీల్చేటప్పుడు ఆ దొంగగాలి పెద్ద భాగం. వేగంగా తిరిగేటప్పుడు మహాప్రవాహంలో కలిసిపోయే చిన్న కాలువ.

సందును వెదకడానికి గంట పట్టింది. చెవికి సన్నని ఈల వినిపించింది గాని, ఎక్కడి నుంచో తెలియలేదు. చివరకు ఇన్‌టేక్ మానిఫోల్డు వెనుక, చేయి కష్టంగా దూరేచోట, ఇంజన్ లోపలి ఆవిరులను తిరిగి లోపలికి పంపే రబ్బరు గొట్టం వంపులో చీలి ఉన్నది. పైకి బాగానే కనిపిస్తున్నది. వంచితే నోరు తెరిచింది. బయటనే 45 డిగ్రీలు కాసే ఢిల్లీ వేసవులు పదికి పైగా చూసిన రబ్బరు అది. గొట్టం ధర మూడంకెలు దాటలేదు. దానిని మార్చిన తరువాత సవరణ నిలకడలో 4, వేగంలో 3 చూపింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, సంకేతాలను తుడిచాము.

అమెరికా గ్రంథాలు చదివే మిత్రులు పెట్రోలు టాంకు మూత గట్టిగా బిగించమని సలహా ఇస్తుంటారు. ఆ దేశపు కార్లు టాంకు నుంచి ఆవిరి కారుతున్నదేమో కనిపెడతాయి కనుక అక్కడ అది సత్యం. మన బి.ఎస్.–4 కార్లకు సాధారణంగా ఆ పరీక్షే లేదు.

తొమ్మిది రోజులు దీపం వెలగలేదు. పదవ రోజున నోయిడా–గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్ మార్గంలో వెలిగింది. ఈసారి పి 0420 ఒక్కటే. సహోద్యోగి ముఖం చిన్నబుచ్చుకొన్నారు గాని, మాకు ఆశ్చర్యం కలగలేదు. కన్వర్టరు పరీక్షను కారు ప్రతి పూటా జరపదు. ఇంజన్ బాగా వేడెక్కి కొంతసేపు నిలకడ వేగంతో సాగినప్పుడే జరుపుతుంది. కార్యాలయానికి, ఇంటికి మధ్య ఆగి ఆగి నడిచే బండికి ఆ అవకాశం రావడమే అరుదు. "తుడిచిన తరువాత వారం రోజులు వెలగలేదు, కాబట్టి బాగయినది" అనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

కన్వర్టరుకు ముందొక సెన్సారు, వెనుక ఒకటి ఉంటాయి. ఈ కారులో ముందరిది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటుంది, ఊగాలి కూడా. కన్వర్టరు ఆరోగ్యంగా ఉంటే ఆ ఊపును తనలో ఇముడ్చుకొని, వెనుక సెన్సారును 0.6 వోల్టుల ప్రాంతంలో నిలకడగా ఉంచుతుంది. మా పరీక్షలో వెనుకది ముందుదానిని అద్దంలో ప్రతిబింబం వలె అనుసరిస్తున్నది. పొగగొట్టంలో చీలిక ఉన్నా ఇట్లే కనిపించవచ్చును కనుక, చల్లని ఇంజన్ వెలిగించి, సైలెన్సరు మూతికి గుడ్డ అడ్డుపెట్టి అతుకుల వద్ద చెవి ఒగ్గి విన్నాము. ఎక్కడా కారడం లేదు, మసి మరకలు లేవు. మిస్త్రీ చెప్పిన మాట చివరకు నిజమే అయినది. అయితే పరీక్ష లేకుండా అతని మాట విని ఉంటే, చీలిన గొట్టం చీలినట్టే ఉండి, కొత్త కన్వర్టరు కూడా తప్పుడు మిశ్రమంలోనే బ్రతుకు మొదలుపెట్టేది.

అది ఎందుకు చెడినదో తెలియకుండా కొత్తది వేయరాదని మేము పట్టుబట్టాము. అడగ్గా అడగ్గా తేలినదేమనగా, రెండేళ్ళ క్రితం ఒక ఇగ్నిషన్ కాయిల్ చెడి ఇంజన్ కుదుపుతూ నడిచిందట. దీపం అప్పట్లో మిణుకుమన్నదట. వేసవి సెలవుల హడావుడిలో మూడు వారాల పాటు బండి అట్లే గుర్గావ్ వెళ్ళి వచ్చిందట. సిలిండరులో మండని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. వేడి వెయ్యి డిగ్రీలు దాటవచ్చు. తేనెపట్టు వంటి పింగాణీ గదుల గోడలపై పలుచగా పూసిన ప్లాటినం, పలాడియం, రోడియం ఆ వేడికి పనికిరాకుండా పోతాయి. ఆ లోహాల విలువే కన్వర్టరు ధరకు మూలం. కాయిల్ ఆ తరువాత మార్చారు, ఇప్పుడు కుదుపు లేదు. కారణం తెలిసినది, తొలగినది కూడా.

ఇక సొమ్ము మాట వచ్చింది. మిస్త్రీ మరొక మార్గం సూచించాడు. వెనుక సెన్సారు క్రింద చిన్న లోహపు గొట్టం ముక్క బిగించి దానిని కాస్త వెలుపలికి జరిపితే, దానికి పొగ పలుచగా అంది కన్వర్టరు బాగున్నట్టే భ్రమపడుతుంది. కొద్ది వందలతో దీపం ఆరిపోతుంది. సహోద్యోగి మమ్మల్ని పక్కకు పిలిచి, "పి.యు.సి. సర్టిఫికెట్టు ఉన్నదండీ. పోయిన నెలలోనే ఏ పేచీ లేకుండా వచ్చింది. పైగా బండి విశాఖ వెళ్ళిపోతున్నది, అక్కడ ఢిల్లీ పొగమంచు లేదు గదా" అన్నారు.

ఆ సర్టిఫికెట్టు అబద్ధం కాదు. బి.ఎస్.–4 పెట్రోలు కారు ఊరక నిలిచి తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పదిలక్షల పాళ్ళలో 200 మించరాదు. మిశ్రమం సరిగా ఉంటే, అరకొర కన్వర్టరుతో కూడా నిలిచి ఉన్న బండి ఈ పరీక్ష గట్టెక్కగలదు. కాని ఆ పరీక్ష నత్రజని ఆక్సైడ్లను కొలవదు. అవి ఇంజన్ బరువు లాగేటప్పుడు, ఎక్స్‌ప్రెస్ మార్గంలో, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు పుడతాయి. వాటిని విరిచి హానిలేని నత్రజనిగా మార్చేది కన్వర్టరులోని రోడియం. అది పోతే, అవి గాలిలో చేరి ఎండలో ఓజోనుగా, చలికాలంలో నైట్రేటు రేణువులుగా మారుతాయి. లాస్ ఏంజిలిస్‌లో హాగెన్–స్మిట్ పట్టుకొన్న దొంగ ఇదే. సర్టిఫికెట్టు చూడని ఆ నేరాన్ని చూసే సాక్షి కారులో ఒక్క పసుపు దీపమే. దాని నోరు నొక్కడానికి కొద్ది వందలు చాలునన్నది మాకు కష్టం కలిగించిన విషయం.

విశాఖ సంగతి కూడా వారికి గుర్తు చేయవలసి వచ్చింది. కొండల నడుమ గిన్నె వలె ఉన్న ఆ నగరంలో గాలి సులభంగా కదలదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారు చేసిన అతి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో విశాఖపట్నం ఉన్నది. ఢిల్లీలో పనికిరాదనుకొన్న బండిని నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు పంపడం ఇక్కడ ఒక వ్యాపారమే. ఆ పత్రపు ఫారం 28లో ఛాసిస్ సంఖ్యకు, ఇంజన్ సంఖ్యకు, పన్నుకు గళ్ళు ఉన్నవి. పసుపు దీపానికి గడి లేదు. కనుక దాని సంగతి చెప్పవలసిన భారం యజమాని మీదనే పడుతుంది, పుచ్చుకొనేవారు సొంత తమ్ముడైనా సరే.

వారు రెండు రోజులు ఆలోచించుకొన్నారు. వారి శ్రీమతి, "మరిది గారి పిల్లలు ఎక్కే బండి గదా" అన్నారని తరువాత తెలిసింది. అసలైన కన్వర్టరే వేయించారు. ధర ఇక్కడ వ్రాయము. అది విని మరికొందరు గొట్టం ముక్క వైపు మొగ్గగలరని మా భయం. వేసిన తరువాత వెనుక సెన్సారు 0.6 వద్ద నిలిచింది. ఎక్స్‌ప్రెస్ మార్గంలో మూడు ఆదివారాలు నడిపినా దీపం వెలగలేదు. దోషం లేకుండా వరుసగా మూడు ప్రయాణ ఆవృత్తులు పూర్తయితే దీపం దానంతట అదే ఆరుతుంది. జ్ఞాపకంలోని సంకేతం మాత్రం ఇంజన్ నలభైసార్లు వేడెక్కి చల్లారేదాకా ఉంటుంది. కనుక పాత బండి కొనేవారు, వెలగని దీపాన్ని నమ్మక సాకెట్టులో పరికరం పెట్టి చూసుకోవాలి. "ఇటీవలే తుడిచినది, పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు" అని అందులో కనిపిస్తే బేరం అక్కడితో ఆపడం మంచిది.

సంకేతాల సంఖ్యలు, గొట్టం మార్చిన తేదీ, సవరణ అంకెలు వ్రాసిన కాగితాన్ని వారు బండి కాగితాలతో పాటు కవరులో పెట్టారు. వచ్చే సంచికలో, జనవరి ఉదయాన కదలని బ్యాటరీల గూర్చి పాఠకులు పంపిన నాలుగు ప్రశ్నలకు సమాధానాలిస్తాము. ప్రశ్నలు పంపేవారు బండి ఏ సంవత్సరపుదో తప్పక వ్రాయగోరుతున్నాము.